బసవలింగం డాబా మీద తెల్లపొర

నేను సిమెంటు ఇటుకలు పోసి బతికేవాణ్ణి. కర్లపాలెంలో మా ఇటుకల దొడ్డికీ బసవలింగం ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. వరసకి నాకు బావ. వాడి భార్య రావమ్మ నన్ను నోరారా అన్నయ్యా అని పిలిచేది. వాడి డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించేదాకా మా మధ్య చిన్న మాట తేడా లేదు. ఆ ప్యానెళ్ళు పాడుగాను!

మొదటి ఏడాది ఊరందర్నీ పిలిచి మీటరు చూపించుకున్నారు. రెండో వేసవికి కరెంటు సగానికి పడిపోయింది. బాపట్ల నుంచి కంపెనీ మనిషి వచ్చి వైర్లు చూశాడు, గోడకున్న ఇన్వర్టరు చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

"ప్యానెళ్ళ మీద తెల్లగా పొర కట్టిందండి. దుమ్ము పడుతోంది. వారానికోసారి కడిగితే చాలదు, రోజూ కడగండి," అని చెప్పి, టీ తాగి చక్కా పోయాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, రావమ్మ ఇక రోజూ మిట్టమధ్యాహ్నం బోరు మోటారు వేసి కడగడమే. ఎంత కడిగితే అంత తెల్లబడ్డాయి. మరి దుమ్ము ఎక్కడినుంచి వస్తున్నట్టు? గోడ పక్కన నేనున్నాను కదా, దొరికాను.

ముందు తిట్లు. తర్వాత రాళ్ళు. ఒకరోజు రావమ్మ విసిరిన పెంకు మా కూలీ నుదుటి మీద పడి రక్తం కారింది. నాకు ఒళ్ళు మండి, వాళ్ళ బోరు పైపు గొడ్డలితో నరికేశాను. ఆ రాత్రే బసవలింగం వచ్చి నా ఇటుకల మిషన్ బెల్టు కోసేశాడు. పంచాయతీలో పెద్దలు కూర్చుని, దుమ్ము నాదని తేలితే ఇటుకల పని ఎత్తెయ్యాల్సిందేనన్నారు. ఎత్తేస్తే నేనేం తినాలి? మట్టా? ఉన్నదంతా ఆ మిషన్ మీదే పోశాను. నాకు వేరే విద్య రాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రావమ్మ పిట్టగోడ మీద నుంచి కేకేసింది.

"ఏయ్ పాండురంగారావ్! నీ మొహం మండ, పైకొచ్చి చూడు నీ సిమెంటు!"

అన్నయ్య పోయి పాండురంగారావునయ్యాను. అది విని అసలు ఆగలేకపోయాను.

మా ఆవిడ వెంకటరత్నమ్మ చొక్కా పట్టుకుని లాగింది. "వెళ్ళకయ్యా, మీ బావ చేతిలో ఇనప పైపుంది."

ఉంటే? నా చేతులు మాత్రం గాజులు తొడుక్కున్నాయా? విదిలించుకుని వాళ్ళ డాబా మెట్లెక్కాను.

"నా సిమెంటు బూడిద రంగు. ఇది తెలుపు. మొగుడూ పెళ్ళాల కళ్ళకి పొరలొచ్చాయేంటి?" అన్నాను.

"దొంగమాటలు ఆడతావేంట్రా!" అంటూ బసవలింగం నా మెడ పట్టుకున్నాడు. వాడి డొక్కలో గుద్దాను. రావమ్మ నా జుట్టు పట్టుకుంది. వాడు నన్ను వంచి, మొహాన్ని ప్యానెల్ మీద అదిమాడు. అద్దం పెనంలా కాలుతోంది. చెంప చుర్రుమంది. పెదవి చిట్లింది.

"నాకు! నీ దుమ్ము నువ్వే నాకు!" అని అరిచాడు.

నా నాలుకకి తగిలింది. ఉప్పు. అచ్చమైన ఉప్పు!

మా ఊళ్ళో బోరునీళ్ళు నోట్లో పోసుకోలేం, తాగడానికి డబ్బాల నీళ్ళే. ఆ ఉప్పునీళ్ళు కాలే అద్దం మీద పోస్తే నీళ్ళు ఆవిరై, ఉప్పు మిగిలిపోతోంది. రోజూ పొర మీద పొర. ఆవిడ కడిగిందే ఆవిడకి అడ్డమైంది. నా పని నిలబడిందన్న సంతోషం ఒక్కసారిగా పొంగింది. ఆ ఒక్క ముక్కా చెబితే సరిపోయేది. చెప్పానా? పకపకా నవ్వాను. నెత్తురు కక్కుకుంటూ నవ్వాను.

"ఒరే గాడిదా, ఉప్పురా ఇది! నీ పెళ్ళాం నీ డాబా మీద ఉప్పు పండిస్తోంది! సంచులకెత్తి అమ్ముకో, పో!"

నా కుడిచెయ్యి ప్యానెల్ కింద చట్రాన్ని పట్టుకుని ఉంది. పైపు దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. వాడు రెండో దెబ్బ కూడా వేశాడు.

రావమ్మ వేలితో పొర గీకి నాలుక మీద పెట్టుకుంది. ఆవిడ మొహం పాలిపోయింది.

"అయ్యో, ఉప్పేనయ్యా! ఆగు, ఆగు!" అని మొగుడి కాళ్ళు చుట్టేసింది.

పైపు జారిపోయింది. నా చేతికి తువ్వాలు చుట్టి, బండి మీద బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్ళింది మళ్ళీ బసవలింగమే. ఇంకెవరున్నారు గనక? వాడి వీపుకే ఆనుకుని కూర్చున్నాను. వాడి చొక్కా నా నెత్తురుతో తడిసింది. దారి పొడుగునా వెక్కుతూనే ఉన్నాడు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా బావా. ఎందుకు నవ్వావు?"

పడిపోకుండా ఎడమచేత్తో వాడి నడుం పట్టుకున్నాను.

మూడు వేళ్ళు తీసేశారు. పంచాయతీ పెద్దలు ఆసుపత్రికే వచ్చారు. దుమ్ము నాది కాదని తేలిందట, ఇటుకల పని నిశ్చింతగా చేసుకోమన్నారు. అందులో ఒకాయన అలవాటుగా నాతో చెయ్యి కలపబోయి, కట్టు చూసి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.