కడవ మూత

నల్లా దగ్గర తన బిందె వంతు వచ్చేలోపే శాంతాబాయి జుట్టు ముడేసుకుని, నీలం అంచు తెల్లచీర కుచ్చిళ్లు మడమల పైకి ఎత్తి దోపుకుంది. వానాకాలం కామాటిపురా సందుల్లో చీర నేలకు జీరాడిందంటే ఇక ఎంత ఉతికినా తెల్లబడదు. దవాఖానా తరఫున ఇంటింటికీ తిరిగి మందులిచ్చే ఉద్యోగం, నలభై అయిదు దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, కాలి వేళ్ల మధ్య చర్మం నీళ్లలో నాని ఒరుసుకుపోయింది, సంచి మోసి మోసి కుడి భుజం ఒక పక్కకు వాలింది. ఈ మధ్య ఆ సంచిలో మందులకంటే ముందు ఉప్పు డబ్బా, చక్కెర పొట్లం, ఒక చెంచా సర్దుకుంటోంది.

ఆమె బతుకులో చెప్పుకోదగ్గ ఘనకార్యం ఏదైనా ఉంటే అది ఒక్క మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో దవాఖానా పెద్ద డాక్టరు, పిల్లలకు విరేచనాలైతే పేగులకు విశ్రాంతి కావాలి, నీళ్లు ఆపించండి అన్నాడు. ఆ ముక్క మరాఠీలో చెబితే చాల్‌లో, ఆ ఒంటిగది ఇళ్ల వరసల్లో ఉండే తెలుగు ఆడవాళ్లు తలలూపి ఇంటికెళ్లి మరిచిపోయేవాళ్లు. శాంతాబాయి దాన్ని వాళ్ల నోటికి తగ్గట్టు తిప్పింది: "కడుపు కారితే కడవ ముయ్యాలె." పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, అలాగే దాటింది. పాలమూరు నుంచి నిన్న గాక మొన్న దిగిన కూలీల పెళ్లాలకు కూడా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండేవాళ్లు అద్దె సంగతి తరవాత నేర్పేది అదే. తన మాట పది నోళ్లలో నానుతుంటే శాంతాబాయి లోలోపల మురిసిపోయేది కూడా. మురిసిపోదా మరి, దవాఖానాలో ఆమె మాట విన్నవాళ్లెవరు గనక?

కిందటి వేసవిలో శిక్షణకు పిలిచి, కొత్త డాక్టరమ్మ ఆ మాటను తలకిందులు చేసింది. విరేచనాలతో పిల్లలు చచ్చిపోయేది ఒంట్లో నీళ్లు ఇంకిపోయి. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో తాగిస్తూ ఉంటే చాలు, బతుకుతారు. బంగ్లాదేశ్ యుద్ధంనాటి శరణార్థుల గుడారాల్లోనే ఇది రుజువైందట. చుట్టూ నర్సులు గబగబా రాసుకుంటున్నారు. శాంతాబాయి రాయలేదు. ఆమె కూతురు మంగళ పోయింది ఆ యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకు. రెండేళ్ల పిల్ల. నీళ్లు, నీళ్లు అంటూ తడి గోడను నాకింది. అప్పుడు కడవ మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నది తనే. రుజువైన సంగతి ఆ గుడారాల నుంచి తమ పేటలోని ఫాక్‌లాండ్ రోడ్డు దాకా నడిచి రావడానికి అన్నేళ్లు పట్టింది, అంతే.

ఆ రోజు నుంచి శాంతాబాయికి ఉన్నది ఒకటే పని. తన మాట తను వెనక్కి తీసుకోవాలి. ఈ వానలు పోయేలోపు, ఇంకో బిడ్డ పోయేలోపు. కొత్త మాట కోసం ఎక్కువ వెతుక్కోలేదు. మూత తీసి నీళ్లు పొయ్యమని పాతదాంట్లోనే ఒక్క ముక్క మార్చింది: "కడుపు కారితే కడవ తియ్యాలె."

ఇవాళ నల్లా దగ్గర ఆ కొత్త మాట విని ముసలి రత్నాబాయి పళ్లులేని నోటితో నవ్వింది. "ముయ్యాలె అన్నది నువ్వే, తియ్యాలె అన్నది నువ్వే. ఒక్క నోట రెండు మాటలేంది శాంతా? నా నలుగురు పిల్లలు నీ పాత మాటతోనే బతికిండ్రు."

"బతికినోళ్లు కనబడతరు పెద్దమ్మా," అంది శాంతాబాయి. బిందె ఎత్తుకుంది.

పొద్దెక్కేసరికి ఆమె రత్నాబాయి పక్క ఖోలీలో ఉంది. పాలమూరు అంజమ్మది ఆ ఖోలీ. మొగుడు ఎల్లయ్య ధారావిలో కట్టుబడి పనికి పోయాడు. ఏడాదిన్నర పిల్లాడు, మల్లయ్య, రాత్రి నుంచి విరేచనాలతో వాడిపోయి చాప మీద పడి ఉన్నాడు. శాంతాబాయి వాడి పొట్ట మీద చర్మం గిల్లి వదిలింది. ముడత తొందరగా సర్దుకోలేదు. మరిగించి చల్లార్చిన నీళ్లు పెద్ద చెంబు నిండా పోయించి, మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర వేసి కలిపి, చుక్క నాలుక మీద వేసుకుని చూసింది.

"కన్నీళ్లకన్న ఉప్పగ ఉండొద్దు. నువ్వూ చూడు."

అంజమ్మ చప్పరించి తలూపింది. పిల్లాడు మొదటి చెంచా కక్కాడు, రెండోది మింగాడు, తరవాత చెంచా కోసం నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూసి శాంతాబాయికి ఎన్నాళ్లకో కడుపు నిండినట్టయింది.

"జులాబ్ అయితది, కడుపు కారుతనే ఉంటది. అయినా నీళ్లు పొయ్యాలె. కండ్లు లోపలికి గుంజితే ఎత్తుకొని దవాఖానకు ఉరుకు. మాట యాదికి ఉంటదా?"

"కడుపు కారితే కడవ తియ్యాలె," అని అంజమ్మ బడిపిల్లలా అప్పజెప్పింది.

అక్కడే కూర్చుంటే బాగుండేది. కానీ ఫాక్‌లాండ్ రోడ్డు పక్క చాల్‌లో పోలియో చుక్కల పని ఉంది. పోకపోతే జీతం కోస్తారు. లేచింది.

దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తే అంజమ్మ గడప ముందు చెప్పులు చాలా ఉన్నాయి. ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. చాప మీద పిల్లాడికి తెల్లగుడ్డ కప్పారు. ఎల్లయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంజమ్మ ఏడవడం కూడా అయిపోయి, శాంతాబాయి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పోంగనే మళ్ల జులాబ్ అయిందక్కా. పోసిందంత పోతాందని భయమైంది. నీ మాట యాదికి రాలే. తియ్యాలెనా, ముయ్యాలెనా... రత్నమ్మవ్వను అడిగిన. ముయ్యాలె, అది శాంతాబాయి మాట, శానా ఏండ్ల మాట అన్నది. ఆడు నీళ్లకు ఎంత ఏడ్చినా ఒక్క చుక్క పొయ్యలేదక్కా. నీ మాట తప్పలే. మరెందుకు పాయె?"

శాంతాబాయి నోరు తెరిచింది. నిజం నాలుక మీదికి వచ్చింది. గడపలో నిలబడ్డ ఆడవాళ్లంతా ఆ మాట కోసమే చూస్తున్నారు. ఇప్పుడు చెబితే జన్మలో మరిచిపోరు. చెబితే, అంజమ్మ తన చేత్తోనే బిడ్డను చంపుకున్నానని బతికినన్నాళ్లు కుములుతుంది. ఆ బతుకు ఎట్లా ఉంటుందో శాంతాబాయికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"నీ తప్పేం లేదు బిడ్డా," అంది. "నువ్వు మంచిగనే జేసినవ్."

గడపలో రత్నాబాయి పక్కనున్నవాళ్లతో, "చెప్పలే? పాత మాటనే మాట," అని మెల్లగా అంది. వాళ్లు తలలూపారు. శాంతాబాయికి వినబడింది. ఇక ఆమె ఏం చెప్పినా ఎవరికి కావాలి?

సంచి భుజాన వేసుకుని లేచింది. పొయ్యి పక్కన పొద్దున తను కలిపిన చెంబు, మీద బోర్లించిన పళ్లెం, పళ్లెం కదలకుండా పైన ఒక రాయి. పళ్లెం అంచు చుట్టూ చీమలు, లోపలికి దారి దొరక్క, తిరుగుతూనే ఉన్నాయి.