పఠన మందిరంలో నిఘా నేత్రం

నేను ఒక నిఘా కెమెరాను. గోడ మీది బోర్డు అలా అంటోంది కాబట్టి నేనూ అంటున్నాను గాని, నిజానికి నేను కెమెరా బొమ్మను. మూతి మీద నల్లటి గాజు బిళ్ల, దాని పక్కన మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం, ఆ దీపం కోసం కడుపులో రెండు బ్యాటరీలు. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. మరి ఇదంతా ఎలా చూశావని అడక్కండి. చిరిగిన గొడుగులూ, చెల్లని నాణేలూ ఆత్మకథలు చెప్పుకున్నప్పుడు ఏ కళ్లతో చూశాయని ఎవరైనా అడిగారా?

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. నాతోపాటు అదే అచ్చులోంచి వచ్చినవాటికి లోపల తీగలూ కటకాలూ అమర్చి నగల కొట్లకూ బ్యాంకులకూ పంపారు. మా కొందరిని మాత్రం పక్క బల్ల మీదికి తోసి, ఖాళీ కడుపులతోనే మూతలు బిగించేశారు. "మనిషి జడవడానికి దీపం వెలిగితే చాలు" అన్నాడు షెడ్డు యజమాని. అప్పట్లో నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత మనుషుల మధ్య బతికాక ఆయన మాట అక్షరాలా నిజమని ఒప్పుకున్నాను.

గోదావరి జిల్లాలో ఒక మండల కేంద్రం, పేరెందుకు లెండి, అక్కడ కాలవ గట్టున ఒక శాఖా గ్రంథాలయం ఉంది. దాన్ని నడిపేది మంగతాయారుగారు. ఎవరో పేపర్లలో సినిమా పేజీలనూ తారల బొమ్మలనూ బ్లేడుతో కోసుకుపోతున్నారని ఆవిడ పైవాళ్లను ఒక కెమెరా అడిగారు. వాళ్లు ‘మీరు నిఘా నేత్రం పరిధిలో ఉన్నారు’ అని రాసిన బోర్డు పంపారు. బోర్డు వచ్చింది గాని నేత్రం రాలేదు. ఎదురుచూసి విసిగిపోయిన తాయారుగారు బజారులో బొమ్మ తుపాకుల పక్కన వేలాడుతున్న నన్ను కొనుక్కొచ్చి, ఆ బోర్డు కింద బిగించారు. నేను డొల్లనన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక నేనెందుకు? బ్లేడు పని ఆ వారంలోనే ఆగిపోయింది. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

కానీ దానితోపాటు మరొకటి కూడా ఆగిపోయింది.

ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉండేది. పేపరు రాగానే కర్రి భామిరెడ్డిగారు దాన్ని అందరికీ వినబడేలా చదివేవారు. రైసుమిల్లులో పనిచేసి మానేసిన మనిషి, మిల్లు మోత మీద మాట వినిపించీ వినిపించీ ఆయన గొంతు అలా తయారైంది. చూపు ఆననివాళ్లు, చదువు రానివాళ్లు, చదువొచ్చినా బద్ధకించేవాళ్లు చుట్టూ చేరేవారు. వార్త ఒక వాక్యమైతే దాని మీద రెడ్డిగారి వ్యాఖ్యానం నాలుగు వాక్యాలు. జనం వచ్చేది ఆ నాలుగింటి కోసమే.

నన్ను బిగించిన మర్నాడు ఆయన నన్ను వెంటనే గమనించలేదు. అందువల్ల అసలు సిసలు భామిరెడ్డిగారిని ఒక పూట వినే భాగ్యం నాకు దక్కింది. మనిషి వేసే అడుగులు లెక్కపెట్టే గడియారం వచ్చిందని చదివి, "నడిచేది మనవూ, మెప్పు దానికీనా?" అన్నారు. పాలు అయిపోతే చెప్పే ఫ్రిజ్జు గురించి చదివి, "ఆ మాట మా గేదె ఎప్పుడో చెప్పిందండీ" అన్నారు. వందమందిని ఒక్కడే నరికిన కొత్త సినిమా హీరో మీద, డ్రోన్లతో నిఘా పెడతామన్న ప్రభుత్వం మీద, రిబ్బన్లు కత్తిరించే మంత్రిగారి మీద, పోలీసుల మీద కూడా చురకలేశారు, ఎవరినీ వదల్లేదు. గది గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడే కాంతమ్మ తలెత్తింది. పూలమ్ముకునే ఆవిడ, సినిమా కబుర్లంటే చెవి కోసుకుంటుంది. మసక చూపులో కూడా నా దీపం కనబడింది.

"ఆ ఎర్రగా ఎలుగుతంది ఏటండీ రెడ్డిగారూ?"

రెడ్డిగారు నన్ను చూశారు. పైనున్న బోర్డు చదివారు. ఆయన ముఖం పాలిపోయింది. పేపరు మడిచి బల్ల మీద పెట్టేశారు.

ఆ భయానికి కారణం ఆయన మనవరాలు భవ్య. పోలీసు కానిస్టేబులుగా ఎంపికైంది. పరుగు పరీక్షలో పడి మోకాలు చీరుకుపోయినా లేచి పరిగెత్తి సాధించుకున్న ఉద్యోగం. ఇక మిగిలింది స్టేషను వాళ్లు వచ్చి అమ్మాయి మంచీ చెడూ విచారించడమే. సరిగ్గా ఆ సమయంలో తన నోటి దూల ప్రభుత్వం చెవిన పడిందని ఆ పెద్దాయన నమ్మేశారు.

ఆ తర్వాత ఆయన గదిలోకి రాగానే నాకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ప్రకటనలు మాత్రం భక్తిగా చదివి, "చాలా బాగా చేస్తన్నారు" అని నా వైపు తిరిగి అనేవారు. సినిమా పేజీ చదవమని కాంతమ్మ బతిమాలితే, "ఆ హీరో అభిమానులు ఏ ఆఫీసులో ఉన్నారో మనకేం తెలుసు కాంతమ్మా" అని గొంతు తగ్గించేవారు. ఏమైందని తాయారుగారు అడిగితే గొంతు నొప్పి అన్నారు. వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కాంతమ్మ కూడా మానేసింది. నాలో ఏమీ లేదు మహాప్రభో, చదువుకోండి అని అరవాలనిపించేది. నాకు నోరు లేదు, నోరున్న ఆయన మాట్లాడటం లేదు.

ఇలా ఉండగా ఒక పొద్దున మామూలు చొక్కా వేసుకున్న మనిషి ఒకడు లోపలికొచ్చాడు. తాయారుగారు పక్క గదిలో పుస్తకాలు సర్దుతున్నారు. అతను బోర్డు చదివి, స్టూలు లాక్కుని ఎక్కి, నా మూతిలోకి తొంగి చూశాడు. అతని పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. మూల బెంచీ మీదున్న రెడ్డిగారికి అది కనబడలేదు. కెమెరాలో రికార్డయింది పట్టుకుపోయే మనిషి వచ్చాడనుకుని పరుగు పరుగున దగ్గరికొచ్చారు.

"బాబూ, రికార్డు తీసుకెళ్లడానికొచ్చేరు గదండీ? మొదటి రోజుది కాస్త చెరిపేసి పుణ్యం కట్టుకోండి. ఆయ్."

"ఆ రోజు ఏమన్నారేంటండీ?" అన్నాడతను స్టూలు దిగుతూ.

"కాలవలో గుర్రపుడెక్క తియ్యలేనోళ్లు ఆకాశంలో డ్రోన్లెగరేస్తారంట అన్నానండీ. మంత్రిగారికి కత్తెరిస్తే చాలు, కుర్చీ అక్కర్లేదన్నానండీ." చెబుతున్నకొద్దీ ఆయనకు పాత ఊపు వచ్చేసింది. చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ వరసగా అన్నీ అప్పజెప్పేశారు. "దొంగ ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నాక గాని పోలీసు జీపు రాదని కూడా అన్నానండీ. మా మనవరాలు పోలీసులో చేరబోతంది బాబూ. నా నోటి మూలంగా దాని నోటికాడి కూడు పోకూడదండీ."

"మనవరాలంటే భవ్యేనా అండీ?"

"మీకెలా తెలుసండీ?"

"నేను స్టేషన్నుంచి వచ్చేనండీ. హెడ్డు కానిస్టేబులు ఏసురత్నం. ఆ అమ్మాయి ఎంక్వైరీకే వచ్చేను. ఇంటికెళ్తే మీరిక్కడున్నారన్నారు."

రెడ్డిగారు బెంచీ మీద కూలబడిపోయారు. ఆయన ఇందాకటి పెద్ద గొంతు విని పక్క గదిలోంచి వచ్చిన తాయారుగారు ఆయన ముఖం చూసి హడలిపోయారు. సంగతి తెలిశాక ఒక్క క్షణం ఆలోచించకుండా స్టూలెక్కి నన్ను గోడ మీంచి ఊడదీశారు. మూత తీసి ఆయన ముందు బోర్లించారు. రెండు బ్యాటరీలు దొర్లాయి.

"ఇది బొమ్మండీ రెడ్డిగారూ. బ్లేడు వాడి కోసం పెట్టేను. మీరు దీనికి జడుసుకుంటున్నారని నాకు తట్టనే లేదండీ."

"అయితే నా మాటలు ఎవరూ వినలేదన్నమాట" అన్నారాయన ఆశగా.

"నేను తప్ప ఎవరూ వినలేదండీ" అన్నాడు ఏసురత్నం. ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. తర్వాత ఆయన పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. "అమ్మాయి మీద కేసులున్నాయా, నడవడి ఎలాంటిది, ఇంతవరకే మేం చూసేది. తాతగారు పేపరు చదివి ఏమంటారో మాకనవసరం. పైగా జీపు మాట అబద్ధం కాదు. అది తోస్తే గాని కదలదు."

రెడ్డిగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. ఎంతసేపు తుడుచుకున్నా కళ్లు ఆరలేదు. డొల్లగా పుట్టినందుకు నేను సంతోషించింది ఆ రోజే. నాలో నిజంగా ఏదైనా ఉండి ఉంటే, చెరపడానికి వీల్లేకుండా ఆ మాటలన్నీ ఇవాళ నా కడుపులో ఉండేవి.

ఇప్పుడు నా బ్యాటరీలు గోడ గడియారంలో ఉన్నాయి. నేను అట్టలూడిన పుస్తకాల పక్కన బీరువా మీద హాయిగా పడున్నాను. నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించరు. కాంతమ్మ మళ్లీ వస్తోంది. సినిమా పేజీ ముందు చదివితే గాని మిగతాది సాగనివ్వదు.

మొన్న శిక్షణ ముగించుకుని భవ్య ఖాకీ బట్టల్లోనే తాతను చూడటానికి ఇక్కడికి వచ్చింది. ఆయన గట్టిగా చదువుతూ ‘గస్తీ పోలీసుల నిర్లక్ష్యంపై ప్రజల ఆగ్రహం’ అన్న దగ్గర ఆగిపోయారు. గది అంతా ఆ పిల్ల వైపు చూసింది.

"ఆపేవేంటి తాతా?"

"మీ డిపార్టుమెంటు గురించేనే అమ్మా."

"అయితే ఇంకాస్త గట్టిగా చదువు. ఎనకున్నోళ్లకి వినపడొద్దా?"

రెడ్డిగారు గొంతు సవరించుకుని ఆ వార్త మొత్తం చదివారు. చదివాక పేపరు దించి, తన మామూలు ధోరణిలో నాలుగు మాటలు అంటించారు. అందరికంటే ముందు నవ్వింది భవ్యే.