పది బారల తాడు

సముద్రం నుంచి పాయలోకి తిరిగేచోట మామగారు పడవ ముందుకు వెళ్ళి, అడుగుల గీతలు పెట్టిన వెదురు గడను నీళ్ళలోకి దించారు. కోడలు చుక్కాని పట్టుకుంది. మరమ్మతు షెడ్డు నుంచి పడవను మళ్ళీ ఇంటి రేవుకు చేర్చాలి. మగడు పోయిన మూడు నెలలకు ఆమె పడవెక్కడం ఇదే మొదలు. భయం వేస్తుందనుకుంది. వేయలేదు. ఏడుపూ రాలేదు. ఒళ్ళు తనది కానట్టుంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“ఆరు,” అన్నారు మామగారు. “అయిదు.”

పడవకు నాలుగడుగుల నీళ్ళు కావాలి. వానలకు ఇసుక మేట జరిగిపోయినా, దారి చూపడానికి పాతిన గుంజలు సిగ్గు లేకుండా పాత చోటే నిలబడ్డాయి.

“వాటిని నమ్మకు. గడ చెప్పింది విను,” అన్నారాయన. పోటు మొదలయ్యాకే బయల్దేరారు. ఇసుకలో కూరుకున్నా ఎక్కే నీళ్ళే లేపుతాయని ఆయన ధీమా.

“నాలుగు.”

పడవ అడుగు ఇసుకను రాసుకుంది. ఆమె నీళ్ళు ముదురు రంగుగా ఉన్న వైపు తిప్పింది.

“ఏడు. గండం గడిచింది.”

లోపలికి చేరాక ఆయన వచ్చి చుక్కాని అందుకున్నారు. లంగరు తాడు ఎప్పుడూ ఆమె పనే. ఆ పనే మూడు నెలలుగా ఆమెను లోపల తొలిచేస్తోంది. ఆ రోజు తాడు ఆరు బారల దగ్గర చిక్కుపడితే, విప్పడానికి బద్ధకించి అక్కడే కట్టేసింది. “పది వదిలావా?” అని మగడు అడిగితే “వదిలాను” అంది. గాలి లేచేసరికి, తాడు పొట్టిదై పట్టు చాలక లంగరు జారింది. పడవ రాళ్ళ మీదికి పోతుంటే ఆపబోయి అతను పడవకూ రాళ్ళకూ మధ్య నలిగిపోయాడు.

మామగారు మాత్రం పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పారు. “పాత లంగరు, బరువు చాలలేదు. కొత్తది కొనకుండా పీనాసితనానికి పోయాను. నా కొడుకుని నేనే చంపుకున్నాను.” ఆ మాట విన్నప్పుడల్లా ఆమె నోరు తెరవబోయి ఊరుకునేది. ఈరోజు చెప్పకపోతే ఇక ఈ జన్మకు చెప్పలేననుకుంది.

ఇంటి రేవు ముందు పడవ గాలికి ఎదురు తిరిగి ఆగింది. తెరచాప దించి, లంగరు మెల్లగా వదిలింది. పోటు నిండితే ఇక్కడ రెండు బారల లోతు, దానికి అయిదింతలు తాడు. పడవ వెనక్కి జరిగేకొద్దీ బార బార కొలిచి వదిలి, గట్టిగా కట్టింది. ఒడ్డున దీపస్తంభం, దాని వెనక గోదాము మూల ఒకే వరసలో కనిపిస్తున్నాయి. చాలాసేపు చూసింది. వరస చెదరలేదు, లంగరు జారడం లేదు.

“మామయ్యా, ఆ రోజు నేను వదిలింది ఆరు బారలే. పది అని ఆయనకి అబద్ధం చెప్పాను.”

పక్కింటివాళ్ళ సంగతేదో చెప్పినట్టుంది.

ఆయన తెరచాప మడత పెడుతూనే ఉన్నారు. “తెలుసమ్మా. మర్నాడు ఆ తాడు పైకి లాగింది నేనేగా.”

“మరి అందరితో లంగరు తప్పన్నారు, మీ తప్పన్నారు.”

“లంగరూ నేనూ ఎన్ని మాటలైనా పడతాం. నువ్వింకా చాలాకాలం బతకాలి.”

ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. తాడు కట్టిన చోటే కూర్చుంది.

“ఇప్పుడెంత వదిలావు?” అన్నారాయన.

“పది బారలు.”

ఆయన లేచి చూడలేదు. తువ్వాలు తలకింద పెట్టుకుని అక్కడే నడుం వాల్చారు.