వదిలేసిన అధ్యాయం

మా పెద్దమ్మకు చూపు పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి రోజూ ఉదయం, నిఘంటువు కార్యాలయానికి బయలుదేరే ముందు, ఆమె మంచం పక్కన కూర్చుని పవిత్ర గ్రంథంలో నాలుగు పుటలు చదివి వినిపిస్తున్నాను. నాకు అందులో నమ్మకం ఉందా అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు.

ఒక్క అధ్యాయం మాత్రం చదవలేదు. తప్పు చేసినవారికి పడే శిక్షల అధ్యాయం అది. మొదటి పుట చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎనభై దాటిన మనిషిని ఇంకా భయపెట్టడం దేనికని ఆ పదకొండు కాగితాలనూ కలిపి క్లిప్పు పెట్టేశాను. గ్రంథం మూడుసార్లు పూర్తయింది. మూడుసార్లూ దాన్ని దాటేశాను. దయ చూపానని లోలోపల పొంగిపోయాను కూడా.

నిన్న ఆమె, "పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వరా, ఎంత బరువుందో చూస్తా" అంది. ఒళ్ళో పెట్టుకుని అంచులు తడుముతుంటే వేలికి క్లిప్పు తగిలింది.

"ఇదేంట్రా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వేళ్ళను చూసి నిజమే చెప్పాను.

"నువ్వు నమ్మకపోతే మానెయ్. నా వాటా ఎందుకు మింగావురా?"

"ఆ శిక్షల గోల నీకెందుకు పెద్దమ్మా? నువ్వేం పాపం చేశావని?"

"నీ తలకాయ! నేను నర్సుగా ఉన్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నం పదో నంబరు మంచం గంట మోగింది. టీ వేడిగా ఉంది, తాగి వెళ్దామనుకున్నా. వెళ్ళేసరికి ఆ రోగి ప్రాణం పోయింది. ఎవరికీ చెప్పలేదు. నాకేం రాసిపెట్టి ఉందో ఇందులో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆరేళ్ళుగా చెవులు రిక్కించుకుని వింటున్నా, వెర్రి సన్నాసీ!"

క్లిప్పు తీసి చదివాను. ఒక్కో శిక్షకూ ఆమె "ఊఁ" కొట్టింది. నేను ఆగబోతే "ఆపకు" అంది. తొమ్మిదో కాగితం తిప్పేసరికి గ్రంథం ధోరణి మారింది. చేసిన తప్పును మరవలేక కుమిలినవారిని దగ్గరకు తీస్తాననే దేవుడి మాటలు వచ్చాయి. ఒక్క పదానికి అర్థం రాయడానికి పది పుస్తకాలు తిరగేసే నేను, ఈ అధ్యాయాన్ని చివరిదాకా చూడకుండానే మూసేశాను.

ఈసారి ఆమె "ఊఁ" అనలేదు.

"ఇది అందులో ఉందా? నువ్వు కలిపావా?"

"ఉంది పెద్దమ్మా. ఒట్టు."

"దేనిమీద వేస్తావురా, ఆ ఒట్టు?"

పుస్తకం మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఎదురింటి టైలరమ్మకు చదువొచ్చు. వెళ్ళి పిలుచుకురా" అని గోడవైపు తిరిగింది.

పుటలో వేలు ఉంచుకునే వీధి దాటాను. తలుపు తట్టగానే లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ మాటలు నిజం కావాలని కోరుకున్నాను. ఎవరిని వేడుకున్నానో తెలియదు.

"ఏంటి సార్, పొద్దున్నే పుస్తకంతో వచ్చారు?"

"మా పెద్దమ్మకు ఇది చదివి వినిపించాలమ్మా" అన్నాను. "నేను చదివితే చెల్లదు."