ఏకాదశినాడు పెరిగిన బరువు

చూలైలోని ఆ ఇంటి గడపను ఉల్లి, వెల్లుల్లి సైతం ఏనాడూ దాటి ఎరుగవు. అటువంటి ఇంటికి ఎముకల గూడు లాంటి ఒక వీధికుక్క వచ్చి చేరింది. దానికి భీముడని పేరు పెట్టినవాడు కోదండరాం. సౌకార్‌పేటలో కాగితాల టోకు వ్యాపారం, పెళ్లి జోలికి పోని యాభై ఏళ్లు, కంటితో చూసినదైనా సరే పుస్తకంలో రాసుకుంటే తప్ప నమ్మని స్వభావం అతనివి.

పశువైద్యురాలు నివేదిత భీముణ్ణి తూచి, పద్నాలుగు కిలోలని పెదవి విరిచింది.

"శాకాహారంతో పెంచకూడదని కాదండీ, వట్టి పెరుగన్నం చాలదంటున్నాను. పప్పూ పనీరూ కొలత ప్రకారం పడాలి. రెండు నెలల్లో పదహారుకు రాకపోతే గుడ్డూ మాంసమూ తప్పవు."

"మా ఇంట్లోకి గుడ్డు రాదు," అని కోదండరాం తెగేసి చెప్పాడు. చెప్పాడే కానీ, ఇల్లు చేరేదాకా భీముడి మెడ మీది చెయ్యి తీయలేదు. బరువు పెరగకపోతే దాన్ని ఎన్నూరులో చేపలు పట్టే తన తమ్ముడింటికి చేరుస్తానని ఎదురింటి ఆటో తంగరాజ్ అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు.

ఆనాటి నుంచి పెసరపప్పు, పనీరు, గుమ్మడి గ్రాముల లెక్కన గిన్నెలో పడ్డాయి. ఏకాదశినాడు మాత్రం ఇంటిల్లిపాదీ ఉపవాసమే: కోదండరాం, అతని అక్క అమ్మణి, భీముడు. కుక్కకు మినహాయింపు ఉండవచ్చునన్న ఊహ అతనికి తోచనే లేదు. రోజూ ఉదయం కాగితపు కట్టలు తూచే కాటా మీద భీముణ్ణి నిలబెట్టి బరువు రాసుకునేవాడు.

ఏడో వారానికి పదిహేనున్నర. పొంగిపోయి పుస్తకం మొదటినుంచీ తిరగేస్తూ ఒకచోట ఆగాడు. మూడు ఏకాదశులు గడిచాయి. మూడింటి మర్నాడూ పావుకిలో పెరిగింది. ఏమీ తినని కుక్క బరువెక్కడమేమిటి?

నాలుగో ఏకాదశి సాయంత్రం అమ్మణి భీముణ్ణి తిప్పుకొస్తానని బయలుదేరగానే అతను వెనకాలే నడిచాడు. వీధి మలుపులో తంగరాజ్ ఆటో పక్కన కూర్చుని ఉడికిన గుడ్లు ఒలుస్తున్నాడు. గొలుసు చేత పట్టుకున్న అమ్మణి, గోడకేసి తిరిగి నిలబడి ఉంది.

"అక్కా!"

"అరవబాకరా కోదండా. నేనేమీ చూళ్ళా. గోడ చూస్తా ఉండా."

"ఈ పొద్దు ఏకాదశి గదక్కా!"

"నీకూ నాకూ. దానికెవురు దీక్ష ఇచ్చినారు? ఇంట్లోకి రాకూడదన్నావు. ఈడ రోడ్డు."

"నాలుగే ముట్ట సార్," అన్నాడు తంగరాజ్, చేతిలోని గుడ్డును దాచే చోటు దొరక్క. "ఉప్పు కూడా వెయ్యలే."

అమ్మణి గొంతు తగ్గింది. "అది ఎన్నూరుకు పోతే, పొద్దున్నే లేచి ఎవుర్ని తూస్తావురా నువ్వు?"

భీముడు మూతి నాక్కుంటూ వచ్చి, కోదండరాం పంచెకు తడి ముక్కు రాశాడు.

"కొంచెం జరుగక్కా," అన్నాడు చివరికి. తానూ గోడకేసి తిరిగి, జేబులోని పుస్తకం తీశాడు.

"తంగరాజ్, పచ్చసొన కూడా పెట్టినావా, తెల్లదొకటేనా? సరిగ్గా చెప్పు, రాసుకోవాల."