మగ్గాలు ఆగే వేళ

తొమ్మిదేళ్ల మనవరాలు పది అడుగుల దూరంలోనే అరిచింది. చిలుకమ్మకు వినపడలేదు. నలభై మరమగ్గాలు దడదడలాడుతుంటే పక్క మనిషి మాటే వినపడదు, ఇక తలుపు మూసిన నూలు గదిలోంచి పసిదాని గొంతు ఎట్లా వినపడుతుంది? ఆ పాడుపని చేసిన మేస్త్రీ జైలుకు పోయాడు, సరే. చిలుకమ్మకు మాత్రం ముద్ద మింగుడుపడలేదు.

ఆ షెడ్డు ఆడవాళ్లంతా పోట్లాడి ఒక పద్ధతి తెచ్చారు. నూలు గది తలుపు ఊడబీకించారు. బడి విడిచి పిల్లలు షెడ్డుకొచ్చే నాలుగింటికి మగ్గాలు అరగంట ఆపించారు. ఆ అరగంట వాళ్లలోనే ఒకరైన మహబూబ్‌బీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఎవరు ఎక్కడ ముట్టుకుంటే వద్దనాలో, ఎవరికి చెప్పాలో నేర్పేది. మూడు నెలల్లో ఇద్దరు పిల్లలు నోరు విప్పి, ముప్పు మీదికి రాకముందే బయటపడ్డారు.

"మన షెడ్డు పిల్లలే పిల్లలా? వరంగల్ల మన సేటుయే ఇంక పదకొండు షెడ్లున్నయి. ఆళ్లు రాళ్లా?" అని మీటింగులో నిలదీసింది చిలుకమ్మ.

"గీ ముచ్చట బజార్ల వడ్తే మన ఇజ్జత్ ఏంగావాలె అక్కా?" అని అదే షెడ్డులో మగ్గం నడిపే వీరభద్రం గొణిగాడు.

"ఇజ్జత్ పోవాల్సింది చేసినోనిది, పిల్లది గాదు! నోర్మూస్కో!" అని మహబూబ్‌బీ లేచింది.

మర్నాడు నాలుగింటికి, అక్కడా మగ్గాలు ఆపించాలని అందరూ రెండో షెడ్డుకు నడిచారు. యజమాని రాజేశ్వర్ రావు అప్పటికే కర్రలిచ్చి మనుషుల్ని దింపాడు. ఏం దొరతనమండీ, పిల్లలకు అరగంట ఇవ్వలేనివాడికి గూండాలు మాత్రం దొరికారు!

"ఒక్కదానికి ఒప్పుకుంటే నెత్తికెక్కుతాండ్రా? కాళ్లిరగ్గొట్టుండ్రి!" అని అరిచాడు.

మొదటి దెబ్బకే మహబూబ్‌బీ తల పగిలింది. అడ్డం పెట్టిన చిలుకమ్మ చెయ్యి విరిగింది. నేల మీద నెత్తురు చూసిన వీరభద్రానికి ఒళ్లు మండిపోయింది. ఒకడి చేతిలో కర్ర గుంజుకుని వాడి మోకాలు విరగ్గొట్టి, లోపలికి ఉరికి మెయిన్ స్విచ్ కిందికి లాగి మగ్గాలు ఆపేశాడు. జనం గూండాలను గేటు దాకా తన్నుకుంటూ పోయారు.

పోలీసులు వచ్చారు. కొట్టినవాళ్లను వదిలేసి, దెబ్బలు తిన్నవాళ్లను పట్టుకున్నారు. చిలుకమ్మను జుట్టు పట్టి జీపులోకి తోశారు.

జీపు వాడ దాటుతుంటే మూడో షెడ్డు ఆగింది. ఆ వెంటే నాలుగోది, ఐదోది ఆగాయి. చివరికి వాడంతా మగ్గం చప్పుడే లేకుండా పోయింది.

"ఏందిరా, కరెంట్ వోయిందా?" అని ఎస్సై డ్రైవరును అడిగాడు.

చిలుకమ్మ విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తలెత్తింది.

"కరెంటున్నది సారూ. మేమే బంద్ జేసినం. పిల్లలు మాట్లాడ్తాండ్రు. మీరు గూడ జర వినుండ్రి."