రాతిపాచి రంగు

రోజూ పొద్దున్నే ఎఫీ పొయ్యి రాజేసి, కెటిల్ పెట్టి, మేకుకు వేలాడే ఊలుదారపు చుట్టను, ఆ చిలపను, వాసన చూసేది. తడిగా ఉప్పు వాసనేస్తే మొగుడు టోర్కిల్ సముద్రం మీదున్నట్టు. పొడిగా పొగాకు వాసనేస్తే ఏదో రేవులో దిగినట్టు. అతని స్వెటరూ ఆ చిలపా ఒకే కాగులో రంగు తాగినవి మరి. హారిస్ దీవిలో ఒకే కాగులో మునిగిన ఊలు ఎంత దూరాన ఉన్నా ఒకటే, ఒకదానికి జరిగింది రెండోదానికీ జరుగుతుంది.

"ఏమంటున్నాడే నా కొడుకు?" మంచం మీంచి అడిగేది అత్త పెగీ.

"తడిసి ముద్దయ్యాడు అత్తా."

వచ్చే వేసవికి వస్తానని వెళ్లిన మనిషి, ఓడ దిగుతూనే ఇంకో ఓడెక్కేస్తున్నాడు. ఎఫీకి బెంగతో తిండి సయించేది కాదు. ఆమెకి కావలసింది మొగుడు, మొగుడి వాసన కాదు.

ఒకరోజు బండల మీది పాచి బుట్టెడు గీకి తెచ్చింది. పెగీ మంచం మీద లేచి కూచుంది.

"పిచ్చెక్కిందా? ఆ పాచితో వేసే ఎరుపు ఒంటిమీదుంటే ఏ పడవవాడూ ఎక్కించుకోడు! రాతి రంగు రాయిలాగే ముంచేస్తుంది."

"అందుకేగా అత్తా. ఇంకో ఓడెక్కనివ్వకపోతే ఇంటిదారే పడతాడు."

"వాడు నీళ్ల మీదుండగా వేశావో, చేజేతులా చంపుకున్నట్టే!"

పొడి వాసన వచ్చేదాకా ఆగింది ఎఫీ. వచ్చాక చిలపను పాచి మధ్య పెట్టి సన్నసెగ మీదుంచింది. ఊలూ వెంట్రుకే కదా, మెల్లగా కాగితే పొలుసులు విచ్చుకుని రంగు లోపలికి దిగుతుంది. గబుక్కున మరిగించి చన్నీళ్లలో ముంచితే ముడుచుకుపోతుంది. అక్కడ టోర్కిల్‌కి ఊపిరాడదు. "మెల్లగానే, మెల్లగా" అంటూ పెగీయే లేచొచ్చి సెగ తగ్గించింది. సాయంత్రానికి చిలప తుప్పురంగు తిరిగింది. దాన్ని కట్టిన నూలుదారానికి మాత్రం రంగు సరిగ్గా అంటలేదు.

ఆ తర్వాత చిలప తడవలేదు. ఎఫీ గుమ్మంలోనే కాపు కాసింది. ఒక పొద్దున చూస్తే చిలప నుంచి ధారగా ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"అయ్యో, నా చేతులతో నేనే ముంచేశాను!" అని కూలబడిపోయింది.

మధ్యాహ్నం టోర్కిల్ నడిచొచ్చాడు, చొక్కాతో వణుకుతూ, చేతిలో నీళ్లోడుతున్న ఎర్ర స్వెటర్‌తో.

"ఎక్కడా ఓడెక్కనివ్వలేదు. మన దీవి పడవవాడు మాత్రం నన్నెక్కించుకుని, దీన్ని తాడుకి కట్టి నీళ్లలో వెనక లాక్కొచ్చాడు."

"పారేసి ఏ ఓడో ఎక్కకపోయావా సన్నాసీ?" అంది పెగీ, కళ్లు తుడుచుకుంటూ.

"ఎలా పారేస్తానమ్మా? రోజూ దీన్నుంచి ఈ పొయ్యి వాసన వచ్చేది. ఎఫీ వాసన వచ్చేది."

"మరి ఇన్నాళ్లూ రావడానికేం రోగం నీకు!" అని అతని గుండెల మీద గుద్దుతూ భోరుమంది ఎఫీ.